రుసుము లేని రసానుభూతి

ఉద్దేశం: విదేశీ మహానగరంలోని ఉచిత కళాప్రదర్శనలను దర్శించే తీరును తెలుపుతూ, కళాసంపదపై సామాన్యునికి గల హక్కును గురించి ఆలోచింపజేయడం.

పాఠ్యభాగం

పరదేశంలో అడుగుపెట్టిన యాత్రికునికి అడుగడుగునా ఖర్చే. లండన్ నగరంలో బసకు, భోజనానికి వెచ్చించే ప్రతి పౌండునూ మనవాడు రూపాయలలోకి మార్చి చూసుకొని నిట్టూర్చక మానడు. అటువంటి నగరంలోనే ప్రపంచ ప్రఖ్యాతమైన చిత్రాలను, శిల్పాలను పైసా చెల్లించకుండా చూడవచ్చు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలలోని శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుము లేదు. విదేశీయునికీ అదే నియమం. తాత్కాలికంగా ఏర్పాటు చేసే ప్రత్యేక ప్రదర్శనలలో చాలావాటికి మాత్రం టిక్కెట్టు కొనవలసి ఉంటుంది.

ఈ సంప్రదాయం నేటిది కాదు. బ్రిటిష్ మ్యూజియం 1759లో ఉచిత ప్రవేశంతోనే ప్రజలకు ద్వారాలు తెరచింది. 1824లో ప్రభుత్వం ఒక ధనికుని సేకరణ నుండి 38 చిత్రాలను కొని నేషనల్ గ్యాలరీని నెలకొల్పింది. తరువాత దానికి నగరం నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో భవనం వెలసింది. పడమటి దిక్కు సంపన్నులు బండ్లలోనూ, తూర్పు దిక్కు పేదలు కాలినడకనూ రావడానికి అనువైన చోటు అది. బొగ్గు పొగకు చిత్రాలు మసిబారుతున్నాయని, వాటిని దూరంగా తరలించాలని 19వ శతాబ్ది మధ్యలో ప్రతిపాదన వచ్చింది. సామాన్యునికి అందని చోట చిత్రం ఎంత భద్రంగా ఉన్నా ప్రయోజనమేమి? చిత్రాలు అక్కడే నిలిచాయి. నడుమ కొన్ని సంస్థలు రుసుము వసూలు చేసినా, 2001 డిసెంబరు నుండి జాతీయ మ్యూజియంల శాశ్వత ప్రదర్శనలు అందరికీ ఉచితమయ్యాయి.

ఉచితమనగానే ఒక్క పూటలో అన్నీ చూడాలన్న ఆత్రం పుడుతుంది. అది విందులో ప్రతి వంటకాన్నీ ముట్టి, దేనినీ రుచి చూడక లేచిపోవడం వంటిది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నేషనల్ గ్యాలరీ చిత్రాలను వేల్స్‌లోని ఒక పలకరాతి గనిలో దాచారు. 1942 నుండి నెలకొక చిత్రాన్ని లండన్‌కు తెచ్చి ప్రదర్శించారు. బాంబుల భయం నడుమ ఆ ఒక్క చిత్రం కోసమే ప్రజలు తరలివచ్చారు. రుసుము లేకపోవడం వలన కలిగే అసలు మేలు ఇదే: నేడు రెండు చిత్రాలు చూచి, రేపు మళ్ళీ రావచ్చు. వాన్ గో 1888లో చిత్రించిన పొద్దుతిరుగుడు పూల ఎదుట కాసేపు నిలిస్తే, ఒకే పసుపుదనంలో విరిసిన పూవూ వాడిన పూవూ వేరువేరుగా పలకరిస్తాయి.

బ్రిటిష్ మ్యూజియంలో తెలుగువాని అడుగు తడబడే గది ఒకటున్నది. కృష్ణాతీరంలోని అమరావతి మహాచైత్యపు శిల్పఖండాలు 120కి పైగా ఆ మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో మద్రాసు నుండి లండన్‌కు తరలిపోయాయి. వాటిలో ఒక ఫలకానికి రెండువైపులా శిల్పమున్నది. క్రీ.పూ. 1వ శతాబ్ది శిల్పి ఒకవైపు బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని చెక్కాడు. బుద్ధుని రూపం లేదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో మరొక శిల్పి అదే రాతి రెండవవైపున మహాచైత్యాన్నే మలిచాడు. నేడు శిథిలమై దిబ్బగా మిగిలిన ఆ కట్టడం నాటి వైభవం ఆ రాతిలో కనిపిస్తుంది.

అక్కడ మనం విదేశీయులమా, వారసులమా? ప్రవేశం ఉచితమే, కాని అమరావతి బిడ్డ తన ఊరి శిల్పాన్ని చూడడానికి సముద్రాలు దాటాలి. విదేశీ సందర్శకుల నుండి రుసుము తీసుకోవాలన్న వాదన బ్రిటన్‌లో వినిపిస్తున్నది. నిర్వహణ వ్యయంలో పెద్ద భాగం అక్కడి ప్రజల పన్నులదే కనుక దానిని తేలికగా తోసిపుచ్చలేము. అయితే పలు దేశాల నుండి చేరిన సంపదను ఆ దేశాలవారికే వెలకట్టి చూపడం ఎంతవరకు న్యాయం?

తీర్పు ఎలా ఉన్నా, చూచేవానికీ ఒక బాధ్యత ఉన్నది. అమరావతిలోనూ, చెన్నై మ్యూజియంలోనూ అదే చైత్యపు శిల్పాలు మనకు చేరువలో ఉన్నాయి. ముందు వాటి ఎదుట నిలవడం నేర్చుకొన్నవాడే లండన్‌లో ఆ రాతి భాషను చదవగలడు.

అర్థాలు
రుసుము = చెల్లించవలసిన సొమ్ము
చైత్యం = బౌద్ధుల పూజ్య కట్టడం
ఫలకం = చదునైన రాతి పలక

ప్రశ్నలు
1. నేషనల్ గ్యాలరీని నగరం నడిబొడ్డునే ఉంచడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. రెండువైపులా చెక్కిన అమరావతి ఫలకం విశిష్టత ఏమిటి?
3. విదేశీ సందర్శకుల నుండి రుసుము తీసుకోవడంపై మీ అభిప్రాయాన్ని సకారణంగా వ్రాయండి.