ప్రశ్నలు – జవాబులు: ఎండిన పువ్వులు, వంటయిల్లు

ప్రశ్న: కేకుపిండి పైన ఎండిన గులాబిరేకులు చల్లి, లోపల లవెండరు పువ్వులు కలిపి ఓవెనులో పెట్టితిని. రేకులు నల్లగా మాడినవి. కేకంతయు సబ్బువాసన వేసినది. వచ్చినవారు రేకులను ఏరి పళ్లెము అంచున పెట్టి, మిగిలినది మర్యాదకు తినిరి. దోషమెక్కడ జరిగినది?
— ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: అమ్మా, పళ్లెపు అంచున చేరిన ఆ రేకులే మీ ప్రశ్నకు సగము జవాబు చెప్పినవి. నాలుకకు గాక కంటికి మాత్రమే వేసిన వస్తువు ఏదైనను తుదకు ఆ అంచునకే చేరును. పులిహోరలో కరివేపాకును ఏరివేయువారు లేరా యని మీరు నాతో వాదింపవచ్చును. కాని కరివేపాకు తన సారమును నూనెకు ధారపోసిన పిదపనే పక్కకు తొలగుచున్నది, మీ గులాబిరేకు ఏమియు ఇయ్యకయే తొలగినది. ఈ మధ్య పత్రికలలోని వర్ణచిత్రములను చూచి, రుచితో నిమిత్తము లేక ప్రతి పిండివంట నెత్తిన ఇన్ని పూరేకులు జల్లు ఆచారమొకటి ప్రబలుచున్నది. పెండ్లిపీటలకు అది శోభ. భోజనమునకు మాత్రము పువ్వు దినుసుగా రావలెను, లేదా రాకూడదు.

ఇక దోషము సంగతి. ఎండిన రేకులో నీరుండదు. 180 డిగ్రీల వేడిలో పిండి పొంగి ఉడుకులోపలనే అది మాడి చేదెక్కును. దానియందలి పరిమళతైలము తొలి నిమిషములలోనే ఆవిరియై మీ వంటయింటిని సువాసింపజేసి, కేకును మాత్రము వట్టిచేతులతో విడిచి పోవును. పువ్వుల పరిమళము నీటికన్న కొవ్వును ఎక్కువగా అంటిపెట్టుకొనును గనుక, రేకులను కరిగిన గోరువెచ్చని వెన్నలో అరగంట నాననిచ్చి, వడగట్టి, ఆ వెన్నతో పిండి కలుపుడు. లేదా రేకులను చక్కెరతో చేర్చి మెత్తగా నూరి ఆ చక్కెరనే వాడుడు. పైన చల్లవలెనను కోరిక అప్పటికిని చావనిచో, కేకు చల్లారిన పిదప పాకము పూసి, ఆ తడిమీద నలిపిన రేకులను, అదియు తినునంత మాత్రమే, చల్లుడు.

లవెండరు విషయమున రెండు పొరపాట్లకు అవకాశము కలదు. వంటకు తగినది ఇంగ్లీషు లవెండరని పిలువబడు జాతి. సబ్బులకును అత్తరులకును విస్తారముగా పండించు సంకరజాతిలో కర్పూరపు ఘాటు అధికము. ఇక కొలత. ఎండిన పువ్వు పచ్చిదానికన్న ఇంచుమించు మూడింతల బలము గలది. ఇంటిలో చేయు సామాన్య పరిమాణపు కేకునకు అర టీచెంచా చాలును. మన లవంగము మాత్రము ఎండిన పూమొగ్గ కాదా? పులావులో లవంగములు గుప్పెడు పోయు ఇల్లాలు ఎక్కడనైనను కలదా? గదిలో సువాసనకై బుట్టలలో పెట్టుకొనుటకు అమ్మెడు ఎండు పువ్వులకు అత్తరును రంగును అద్దుదురు గనుక, అవి చవుకగా దొరకినవని వంటయింటిలోనికి రానీయకుడు.

ప్రశ్న: వేపపువ్వును ఎండలో ఆరబోయవలెనని మా అత్తగారు, నీడలోనని మా అమ్మ. ఎవరి మాట నిజము? ఎండబెట్టిన పువ్వుతో చేసిన చారు చేదై ఎవరును ముట్టలేదు.
— ఒక కోడలు, తెనాలి

జవాబు: అత్తగారికిని అమ్మకును నడుమ తీర్పు చెప్పు సాహసము నాకు లేదు, ఇద్దరి మాటయు నిలుచు మార్గము కలదు. చైత్రమాసమున వేకువనే చెట్టుక్రింద పాతచీర పరచి, రాలిన పువ్వును చేటలో చెరిగి కాడలు తీసి, రెండు మూడు దినములు నీడపట్టున గాలికి ఆరనిండు. తడి పోయిన పిదప ఒక పూట ఎండ చూపి, తేమ తగులని సీసాలో పోయుడు. మొదటినుండి మండుటెండలో వేసిన పువ్వు నల్లబడి వాసన తగ్గును.

చారు చేదగుటకు మాత్రము ఆరబెట్టుట కారణము కాదు. మీరు పువ్వును చారులో వేసి మరిగించియుందురు. చెంచెడు నేతిలో, సన్నని సెగపై, పువ్వు ముదురు గోధుమవన్నె తిరిగి కమ్మని వాసన వచ్చువరకు వేయించి, చారు పొయ్యినుండి దింపిన పిదప పైన వేసి మూతపెట్టుడు. పొడి చేయదలచినచో ఆ వేయించిన పువ్వునే ఎండుమిరపకాయలు, కందిపప్పు, జీలకఱ్ఱ, ఉప్పులతో దంచి, వేడి అన్నపు మొదటి ముద్దలో నెయ్యి కారునట్లు కలుపుకొని తినుడు. అంతటితో చేదు పోవునా యందురేమో. పోదు, పోకూడదు. ఏ మాత్రము చేదు పనికిరాదనువారు వేపచెట్టును విడిచి వేఱొక చెట్టును చూచుకొనవలెను.

ప్రశ్న: గన్నేరుపూలు చూచుటకు ముద్దుగా నుండును. బాగుగా ఎండబెట్టినచో వాని విషము పోవునా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పోదు. ఎఱ్ఱగన్నేరు గాని, పచ్చగన్నేరు గాని, ఎండినను వండినను గుండెను ఆపగల విషమే.

ప్రశ్న: ఎండిన ఎఱ్ఱగోగు పువ్వును పొడిచేసి కేకుపిండిలో కలిపితిని. కలిపినప్పుడు గులాబివన్నె, కాలిన పిదప బూడిదవన్నె! పువ్వు కల్తీదా?
— ఒక సోదరి, కాకినాడ

జవాబు: పువ్వు నిర్దోషి; నేరము వంటసోడాది. పులుపు తగిలిన ఎఱ్ఱబడి, క్షారము తగిలిన నీలముగానో బూడిదపచ్చగానో మారుట ఆ రంగు స్వభావము. శంఖుపుష్పపు నీలము నిమ్మరసము పడగానే ఊదావన్నె తిరుగుటయు ఈ ధర్మము చేతనే. గోగుపువ్వు పేర మీరు కొనిన ఆ ఎఱ్ఱని రేకులు నిజమునకు కాయను చుట్టియుండు దళసరి రక్షకపత్రములు. సూడాను, ఈజిప్టు దేశములలో వానిని నీట మరిగించి కర్కదే యను పానీయము చేయుదురు. మీరును అట్లే మరిగించి, చక్కెరయు నిమ్మరసమును చేర్చి పాకము పట్టి, కాలిన కేకుపైన పోయుడు. గోంగూర పచ్చడి తిని పెరిగిన నోటికి ఆ పులుపు కొత్తగా తోచదు.

ప్రశ్న: మా ఇంట ఇప్పపువ్వు లడ్డూలు చేయుదురు. నగరములో స్నేహితులకు పెట్టగా సారాపువ్వని నవ్విరి. దీనిని తినినచో మత్తు కలుగునా? కేకులో వాడవచ్చునా?
— ఒక విద్యార్థి, ఉట్నూరు

జవాబు: నాయనా, నీ ఉత్తరము చదివి నాకు కోపము వచ్చినది, నీమీద కాదు. ద్రాక్షపండునుండి మద్యము తీయుదురని ద్రాక్షను మానినవాడు లేడు. బియ్యమునుండి తీయుదురని అన్నము మానినవాడును లేడు. నానబెట్టి పులియనిచ్చిననే గాని ఇప్పపువ్వులో మత్తు పుట్టదు. ఈ అపవాదునకు ప్రభుత్వముల పాలును కలదు: 1892లో బొంబాయి ప్రభుత్వము ఈ పువ్వును నిలువచేయుట, అమ్ముటలపై మౌరా చట్టమను పేర ఆంక్షలు విధించినది. అడవిబిడ్డ ఆహారమును ఆబ్కారీ కంటితో చూచుట నాటినుండి నాగరకులకు అలవాటైనది.

ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున రాలు ఆ పువ్వులను, చెట్టుక్రింద ఊడ్చి చదును చేసిన నేలపై వంగి ఒక్కొక్కటిగా ఏరు గోండు, కొలాము స్త్రీల శ్రమను నీ స్నేహితులు చూచియుండరు. లేతపసుపువన్నెతో రసము నిండియుండు రేకులు కొన్ని దినముల యెండలో ముడుచుకొని ఎఱ్ఱని గోధుమవన్నెకు తిరుగును. ఎండిన పువ్వు బరువులో సగమునకు అటునిటుగా చక్కెరలే యుండును. కేకునకు కావలెనన్న, లోపలి కేసరములను దులిపివేసి, కడిగి, గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, పిండి, సన్నగా తరిగి, ఎండుద్రాక్షకు బదులుగా వేయుము; చక్కెర కొంత తగ్గింపుము. దాని వాసన ఘాటైనది గనుక తొలిసారి చేయి బిగించి వేయుము. స్నేహితులకు లడ్డూలు మరల పెట్టుము. పేరు చెప్పియే పెట్టుము.

ప్రశ్న: పాలలో వేయగానే ఎఱ్ఱని రంగు దిగిన కుంకుమపువ్వు మేలైనదా?
— ఒక పెద్దలు, వరంగల్లు

జవాబు: రంగద్దినది. అసలుది మెల్లగా పసుపువన్నె నిచ్చును. పోగు మాత్రము ఎఱ్ఱగనే నిలుచును. ఒక్కొక్క పువ్వునకు మూడే కీలాగ్రములు గనుక కిలోకు లక్షన్నరదాక పువ్వులు కావలెను. చవుకగా అమ్మువానిని ఈ లెక్క అడుగుడు.

ప్రశ్న: పూజకు కొన్న గులాబులు మిగులుచున్నవి. ఎండబెట్టి పాయసములో వేయుదునా?
— ఒక సోదరి, విజయవాడ

జవాబు: వలదు. దండలకొఱకు పెంచు తోటలలో కొట్టిన పురుగుమందు ఎండబెట్టినంతమాత్రమున తొలగదు. నీరు పోయిన కొలది మిగిలినది చిక్కబడును. పెరటిలో, పెరడు లేనిచో కుండీలో, మందు కొట్టని నాటుగులాబి మొక్క నొకదానిని పెంచుకొనుడు.