పిల్ల ఒక్కతే, ఆఫీసులు ఎన్నో

మొన్న పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ క్లాసులో స్థానిక ప్రభుత్వ శాఖల విలీనం గురించి పాఠం జరుగుతుంటే సగం మందికి నిద్ర వచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ వచ్చింది. కానీ బోర్డు మీద రాసిన "2004 బాలల చట్టం, ఇంగ్లండ్" అనే ఒక్క లైను వెనక ఎనిమిదేళ్ళ పిల్ల కథ ఉందని మేడమ్ చెప్పాక నిద్ర పోయింది. తర్వాత లైబ్రరీలో చదివిందంతా మీకూ చెప్పాలనిపించింది.

ముందు ఎలా ఉండేది?

ఇంగ్లండ్‌లో బడుల బాధ్యత, పిల్లల సంరక్షణ రెండూ స్థానిక కౌన్సిళ్ళ పనే. కౌన్సిల్ అంటే మన కార్పొరేషన్ లాంటిదే గానీ, దాని చేతిలో పనులు ఇంకా ఎక్కువ. అందులో బడుల సంగతి విద్యాశాఖ చూసేది. ఇంట్లో పిల్లలు క్షేమంగా ఉన్నారా, ఎవరైనా హింసిస్తున్నారా అనేది సోషల్ సర్వీసెస్ శాఖ చూసేది. 1970 చట్టం వల్ల వచ్చిన ఈ రెండో శాఖకి పిల్లలతో పాటు వృద్ధులు, వికలాంగుల బాధ్యత కూడా ఉండేది. రెండు శాఖలు, ఇద్దరు డైరెక్టర్లు, ఎవరి ఫైళ్ళు వాళ్ళవి.

విక్టోరియా

విక్టోరియా క్లింబీ పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో పుట్టింది. మంచి చదువు చెప్పిస్తానని తండ్రి వైపు బంధువు ఒకావిడ ఆమెను ముందు ఫ్రాన్స్‌కి, 1999 ఏప్రిల్‌లో లండన్‌కి తీసుకొచ్చింది. అన్నా అనే వేరే పిల్ల పాస్‌పోర్ట్ మీద తీసుకురావడంతో ఆఫీసు ఫైళ్ళన్నిటిలోనూ ఆమె పేరు అన్నానే. ఆ బంధువు, ఆమెతో ఉన్న మనిషి కలిసి పెట్టిన హింసకి విక్టోరియా 2000 ఫిబ్రవరి 25న చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు ఉన్నాయని పోస్ట్‌మార్టంలో తేలింది. 2001లో ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది.

ఇంత జరుగుతుంటే ఎవరికీ తెలియలేదా అంటే, తెలిసే అవకాశం చాలామందికి ఉంది. నాలుగు కౌన్సిళ్ళ సోషల్ సర్వీసెస్ వాళ్ళు, రెండు ఆసుపత్రులు, రెండు పోలీసు బృందాలు ఆమె సంగతి ఏదో ఒక దశలో చూశాయి. ఒక ఆసుపత్రిలో ఆ గాయాలు గజ్జి వల్ల వచ్చాయన్నారు. నెలల తరబడి కేసు చూసిన సోషల్ వర్కర్ ఆ పిల్లతో గడిపిన సమయం మొత్తం కలిపినా అరగంట లేదు. అన్నిటికంటే నన్ను ఆపింది ఒక సంగతి. చదువు కోసమని తెచ్చిన పిల్ల ఇంగ్లండ్‌లో ఉన్న పది నెలల్లో ఒక్కరోజు కూడా బడికి వెళ్ళలేదు. ఆమెను బడిలో చేర్పించే దాకా పట్టు పట్టినవాళ్ళు లేరు. బడిలో ఉంటే రోజూ ఆమె ముఖం చూసే టీచర్ ఒకరైనా ఉండేవారు కదా!

చట్టం ఏం మార్చింది?

లార్డ్ లామింగ్ విచారణ జరిపి 2003 జనవరిలో నివేదిక ఇచ్చారు. ఆమెను కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 ఉన్నాయని తేల్చి, 108 సిఫారసులు చేశారు. దాని తర్వాత 2004 బాలల చట్టం వచ్చింది. పిల్లల చదువు, పిల్లల సంరక్షణ రెంటికీ కలిపి ప్రతి కౌన్సిల్‌లో ఒకే డైరెక్టర్ ఉండాలని, ఎన్నికైన సభ్యుల్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలని చట్టం చెప్పింది. పెద్దవాళ్ళ సంక్షేమం వేరే శాఖకి వెళ్ళింది. ఆరోగ్యశాఖ, పోలీసులు కౌన్సిల్‌తో సహకరించి తీరాలని కూడా అందులో ఉంది. "అది మా శాఖ కాదు" అనే మాటకి చోటు లేకుండా చెయ్యాలన్నది దీని ఉద్దేశం.

మరి సరిపోయిందా?

సరిపోలేదు. 2007 ఆగస్టులో పీటర్ అనే 17 నెలల బాబు ఇంట్లో హింసకి గురై చనిపోయాడు. అదీ హారింగేలోనే, అంటే విక్టోరియా చనిపోయేనాటికి ఆమె కేసు చూస్తున్న కౌన్సిల్‌లోనే. అప్పటికి అక్కడ విలీనం జరిగిపోయింది. డైరెక్టర్ విద్యారంగం నుంచి వచ్చినావిడ. బడులు నడిపిన అనుభవంతో సోషల్ వర్క్‌ని అజమాయిషీ చెయ్యగలరా అని చాలామంది అడిగారు. మంత్రి ఆదేశంతో ఆవిడ పదవి పోయింది. కానీ తన వాదన సరిగ్గా వినకుండా తీసేశారని, అది చట్టవిరుద్ధమని 2011లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

అదే ఏడాది ప్రొఫెసర్ ఐలీన్ మన్రో నివేదిక వచ్చింది. ఆవిడ విలీనాన్ని రద్దు చెయ్యమనలేదు, డైరెక్టర్ పదవి ఉండాలనే అన్నారు. అయితే వ్యవస్థ ఫారాలు నింపడంలో, నిబంధనలు పాటించడంలో మునిగిపోయిందని, సోషల్ వర్కర్లకి పిల్లలతో, కుటుంబాలతో గడిపే సమయం దక్కాలని చెప్పారు.

నాకు అర్థమైంది ఇది: రెండు శాఖలు కలిపితే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. అది చిన్న విషయం కాదు. కానీ పిల్ల పక్కన కూర్చుని "ఏమైందమ్మా?" అని అడిగే మనిషిని ఏ విలీనమూ తెచ్చిపెట్టదు.

మనకేం సంబంధం?

మన తమిళనాడులో బాల్వాడి సాంఘిక సంక్షేమ శాఖది, బడి పాఠశాల విద్యాశాఖది. 2019లో ప్రభుత్వ మిడిల్ స్కూళ్ళ ఆవరణలో ఉన్న బాల్వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ మొదలుపెట్టినప్పుడు ఈ రెండు శాఖలూ ఒకే గోడ లోపలికి వచ్చాయి. కాబట్టి ఇది లండన్ సంగతే అనుకోనక్కర్లేదు.

లామింగ్ సిఫారసుల్లో ఇంకొకటి మనలాంటి వాళ్ళకి బాగా తగులుతుంది. పిల్ల మొదటి భాష ఇంగ్లీషు కాకపోతే, ఆ పిల్ల క్షేమం గురించి మాట్లాడేటప్పుడు దుబాసీని పెట్టి తీరాలి. విక్టోరియా మాట్లాడేది ఫ్రెంచి మరి. ఇది చదవగానే నాకు ఒకటో క్లాసు గుర్తొచ్చింది. మా ఇంట్లో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. నా పక్కన కూర్చునే పిల్లకి తెలుగు ఒక్కటే వచ్చు. టీచరమ్మ తమిళంలో ఏదడిగినా తల ఊపేది. అర్థమైందనుకునేవారు. ఒకరోజు పొద్దుటి నుంచి కడుపునొప్పితో ముడుచుకుని కూర్చుంది. నేను చెప్తేగానీ ఎవరికీ తెలియలేదు.

మనలో చాలామంది రేపు టీచర్లు అవుతాం, కొందరు ఆఫీసుల్లో కూర్చుంటాం. మన ముందు ఒక పిల్ల తల ఊపితే, ఆ ఊపుని జవాబుగా రాసేసుకుంటామా, లేక ఆ పిల్ల భాషలో ఇంకోసారి అడుగుతామా?