బీఎడ్ సీటు తీసుకునే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

డిగ్రీ పూర్తిచేసి, టీచర్ ఉద్యోగం కోసం బీఎడ్‌లో చేరబోయే తెలుగు రాష్ట్రాల అభ్యర్థులకు ఈ సూచనలు. డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడే తప్పు చాలాసార్లు కాలేజీలో చేరిన రోజే జరిగి ఉంటుంది. అప్పుడు దిద్దుకోవడం కుదరదు.

చేయవలసినవి

• ఏ తరగతులకు పాఠం చెప్పాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఒకటి నుంచి ఐదు వరకైతే డీఎడ్ చేయండి. ఆ పోస్టులకు బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది.

• ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు చూపమని కాలేజీని అడగండి. కోర్సు పేరు, సీట్ల సంఖ్య, చిరునామా సరిచూసుకోండి. ఆఫీసు గోడకు ఫ్రేము కట్టి తగిలించిన కాగితంతో తృప్తిపడక, ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతకండి.

• యూనివర్సిటీ అఫిలియేషన్ ఈ ఏడాదికి ఉందో లేదో విడిగా కనుక్కోండి. గుర్తింపు ఉన్నంత మాత్రాన అఫిలియేషన్ ఉన్నట్టు కాదు.

• డిగ్రీలో చదివిన సబ్జెక్టుకు సరిపడే మెథడాలజీనే తీసుకోండి. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు రెండూ కలిపి చూస్తారు. పాత డీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక తెరిచి, మీ గ్రూపుకు ఏం రాసి ఉందో చదవండి. బీఎస్సీ ఎంపీసీ వారికి మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ రెండు దారులూ ఉంటాయి. మీ జిల్లాలో పోస్టులు దేనికి ఎక్కువ పడుతున్నాయో చూసి ఎంచుకోండి.

• ఎడ్‌సెట్ రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే కన్వీనర్ కోటా సీటుకే ప్రయత్నించండి.

• సీనియర్ల లెసన్ ప్లాన్ రికార్డులు అడిగి చూడండి. పేజీ పేజీకీ సంతకం తప్ప ఒక్క దిద్దుబాటూ కనిపించకపోతే, అక్కడ మీ పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని వినేవారు లేరనే అర్థం.

• ఇంటర్న్‌షిప్‌కు ఏ స్కూళ్లకు పంపుతారో అడగండి. రెండేళ్లలో 20 వారాలు బడిలోనే గడపాలి.

• చివరి ఏడాదిలోనే టెట్‌కు చదవడం మొదలుపెట్టండి. స్కోరు జీవితకాలం చెల్లుతుంది, డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది.

• కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

చేయకూడనివి

• "క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే కాలేజీలో చేరకండి. నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రిజిస్టర్‌లో హాజరు వాళ్లే వేస్తారు, నిజమే. అదే రోజుల్లో మీరు వేరే ఊళ్లో ఉద్యోగం చేసినట్టు పీఎఫ్ ఖాతాలో తేలితే సమాధానం చెప్పుకోవలసింది మాత్రం మీరే.

• ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి. సీటు ఇచ్చే అధికారం అతనికి లేదు.

• ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలేసి రాకండి. పరిశీలించాక వెనక్కి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది.

• ఏడాదిలో బీఎడ్ అనే ప్రకటన చూసి డబ్బు కట్టకండి. 2015 నుంచి కోర్సు రెండేళ్లది. ఏడాది కోర్సు మళ్లీ వస్తుందన్న వార్తలు ఉన్నాయి; నోటిఫికేషన్, ఆ కాలేజీకి ఇచ్చిన అనుమతి ఉత్తర్వు రెండూ కళ్లారా చూసేదాకా ఆగండి.

• డిగ్రీ మాత్రమే ఉంటే దూరవిద్య బీఎడ్‌కు దరఖాస్తు చేయకండి. అది ఇప్పటికే శిక్షణ పొందిన టీచర్ల కోసం.

• స్నేహితులు తీసుకున్నారని మెథడాలజీ తీసుకోకండి.

• ఖాళీగా ఉన్నామని వెంటనే ఎంఎడ్‌లో చేరకండి. స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగానికి అది అక్కర్లేదు. డైట్‌లోనో బీఎడ్ కాలేజీలోనో లెక్చరర్ కావాలనుకుంటేనే చేయండి. కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ కావాలంటే మీ సబ్జెక్టులో పీజీ చేయండి.

• డిగ్రీలో 50 శాతం మార్కులు రాకపోతే, రిజర్వేషన్ సడలింపు మీకు ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకోకుండా ఫీజు కట్టకండి.