ఖాతాలోనికి ప్రవేశము దొరకనపుడు

పోస్టాఫీసులోని గుమాస్తా మనలను ముఖము చూచి పోల్చును. పాసుపుస్తకము మరచి వచ్చిన పిల్లవానిని సయితము, ఫలానివారి యబ్బాయి యని యెఱిగి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపును. కంప్యూటరునకు అట్టి పరిచయమును లేదు, మొగమాటమును లేదు. మనము మునుపు దానికిచ్చిన గురుతులను ఇప్పుడిచ్చుచున్న గురుతులతో సరిపోల్చి, ఒక్క యక్షరము తేడా వచ్చినను తలుపు తీయదు. పాస్‌వర్డ్ తప్పని యెఱ్ఱని యక్షరములలో చూపి యూరకుండును. ఆ వ్రాతను చూచినంతనే పిన్నలును పెద్దలును సామాన్యముగా చేయు పని యొక్కటే. అదే మాటను మరల, ఈసారి మీటలను గట్టిగా నొక్కి, వ్రాయుదురు. గట్టిగా నొక్కిన మీట మెల్లగా నొక్కిన మీట కంటె వేఱు అక్షరమును వ్రాయదు గదా!

విద్యార్థులారా, ఇది కేవలము నవ్వుకొనుటకు చెప్పిన మాట కాదు. ఎనిమిదవ తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షయందు నెగ్గి ఎంపికయైన విద్యార్థికి తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు లభించును. ఎయిడెడ్ పాఠశాలల పిల్లలును దీనికి అర్హులే. అయితే ఒకసారి నెగ్గినంత మాత్రమున ఈ ధనము నాలుగేండ్లును తనంత తాను రాదు. ప్రతి సంవత్సరమును నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో తన ఖాతాను తెఱచి, గడువులోగా రెన్యువల్ దరఖాస్తు పెట్టుకొనవలెను. గడువు చివరినాటి రాత్రి ఖాతా తెఱచుకొననిచో, పరీక్షలో చూపిన తెలివి ఆ యేటికి అక్కరకు రాదు. కూలిపని చేసి చదివించు తలిదండ్రులకు 12,000 రూపాయలు స్వల్పము కాదు. కావున తలుపు తెఱచుకొననపుడు కారణమును వెదకు విధము తెలిసియుండుట లెక్కలును వ్యాకరణమును తెలిసియుండుటవలెనే యవసరము.

మొట్టమొదట చేయవలసినది, తెర మీద వచ్చిన వాక్యమును కడవఱకు చదువుట. మనవారిలో ననేకులు ఆ వాక్యము ఇంగ్లీషున నున్నదని చదువకయే మూసివేయుదురు. వైద్యుడు చెప్పుచున్న మాటను వినక లేచివచ్చుటవంటి దది. అట్టి ఖాతా లేదని చెప్పుట వేఱు, పాస్‌వర్డ్ తప్పని చెప్పుట వేఱు, పెక్కుమార్లు ప్రయత్నించితిరి గనుక కొంతసేపు ఆగుడని చెప్పుట వేఱు, ఈ సంబంధము సురక్షితము కాదని చెప్పుట వేఱు. మొదటిదానికి పేరు సరిచూచుకొనవలెను. రెండవదానికి అక్షరములు సరిచూచుకొనవలెను. మూడవదానికి ఓర్పు తప్ప మందు లేదు. నాలుగవదానికి పాస్‌వర్డ్‌తో నిమిత్తమే లేదు. కొన్ని సంస్థలు మాత్రము, దొంగలకు జాడ తెలియకుండుటకై, పేరు తప్పైనను పాస్‌వర్డ్ తప్పైనను ఒక్క వాక్యమే చూపును. అప్పుడు రెంటిని సరిచూడవలసినదే.

పేరు విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. లక్ష్మి యను పేరును ఇంగ్లీషులో వ్రాయునపుడు నడుమ కె, ఎస్, హెచ్ అను మూడక్షరములు పెట్టువారు కొందఱు. ఒక్క ఎక్స్‌తో సరిపుచ్చువారు కొందఱు. చివర ఒక ఐ పెట్టువారును, రెండు ఇ లు పెట్టువారును గలరు. ఇంటిపేరు కొందఱికి ముందు, కొందఱికి వెనుక. ఖాతా తెఱచిన నాడు అన్నగారో, నెట్ సెంటరువారో ఏ తీరున వ్రాసిరో అది తెలిసిననే గాని పని జరుగదు. జీమెయిలులో ప్రవేశించునపుడు చిరునామా నడుమనుండు చుక్కలను లెక్కింపరు. పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును భేదము లేదు. కాని అదే చిరునామాను వేఱొక సంస్థ ఖాతాలో వ్రాయునపుడు చుక్క యున్నదానికిని లేనిదానికిని భేదముండవచ్చును.

పాస్‌వర్డ్ వద్ద మాత్రము పెద్ద అక్షరము వేఱు, చిన్న అక్షరము వేఱు. కంప్యూటరు మీద క్యాప్స్ లాక్ దీపము వెలుగుచున్నదేమో చూడుడు. సెల్‌ఫోను మీద చిక్కు మఱియొక తీరుగా వచ్చును. కొన్ని పెట్టెలలో అది మొదటి యక్షరమును తానే పెద్దదిగా మార్చును. సూచించిన మాటను వ్రేలితో తాకినచో వెనుక నొక ఖాళీని చేర్చును. ఆ ఖాళీ మన కంటికి కనబడదు గాని కంప్యూటరునకు అదియు నొక యక్షరమే. సున్నయు, ఓ యను అక్షరమును చూపునకు కవలపిల్లలు. పెట్టె ప్రక్కన కన్ను బొమ్మ యున్నయెడల, వెనుక నెవ్వరును లేకుండ చూచుకొని, దానిని తాకుడు. చుక్కలకు బదులు అక్షరములు కనబడును. సగము తగవులు అక్కడనే తీరును. బ్రౌజరు తాను దాచుకొనిన పాత పాస్‌వర్డ్‌ను మన కుపకారము చేయుచున్నట్లు నింపుటయు గలదు. నిన్న పాస్‌వర్డ్ మార్చి, నేడు ప్రవేశము లేదని వచ్చువారు ముందుగా దీనిని చూడవలెను. పెట్టెను పూర్తిగా తుడిచి, క్రొత్తదానిని చేతితో వ్రాయుడు.

ఇవన్నియు చూచినను కుదరనిచో మఱచితిమని యొప్పుకొనవలెను. అప్పుడు తలిదండ్రులు కొందఱు సంస్థ కార్యాలయమునకు ఫోను చేసి, "మా అబ్బాయి పాస్‌వర్డ్ ఏమిటో మీ పుస్తకములో చూచి చెప్పుడు" అని యడుగుదురు. చెప్పలేమని వారనినచో కోపగించుకొందురు. వారు చెప్పలేకపోవుట నిర్లక్ష్యము కాదు. అది మన మేలు కొఱకు చేసిన యేర్పాటు. దీని చరిత్ర కొంచెము తెలిసికొనదగినది.

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు ఫెర్నాండో కోర్బటో యను పండితుని పర్యవేక్షణమున, ఒక్క కంప్యూటరును పెక్కుమంది ఒకేసారి వాడుకొను ఏర్పాటు సిద్ధమై, 1961 నవంబరులో మొదట ప్రదర్శింపబడెను. ఎవరి కాగితములు వారికే దక్కుటకై దానిలో ఒక్కొక్కరికి పాస్‌వర్డ్ నిచ్చిరి. కంప్యూటరులో పాస్‌వర్డ్ వాడుక ఆరంభమైనది ఇచ్చటనే యని సామాన్యముగా చెప్పుదురు. అయితే ఆ పాస్‌వర్డ్‌లన్నియు ఉన్నవి యున్నట్లు ఒక పట్టికలో వ్రాసియుంచిరి. 1962లో అలన్ షెర్ అను విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, ఆ పట్టికను అచ్చు వేయుమని కంప్యూటరునకే యొక యుత్తరువు పంపి, ఇతరుల పాస్‌వర్డ్‌లను సంపాదించి వారి గంటలను వాడుకొనెను! 1966లో మఱియొక పొరపాటున ఆ పట్టిక, ప్రవేశించిన ప్రతివాని యెదుటను స్వాగత వాక్యమునకు మాఱుగా ప్రత్యక్షమయ్యెను.

ఇట్టి యనుభవముల పిదప, పట్టికలో పాస్‌వర్డ్‌ను వ్రాయుటయే తగదని పెద్దలు గ్రహించిరి. రాబర్టు మారిస్, కెన్ థాంప్సన్ అను నిరువురు 1979లో యూనిక్స్ పద్ధతిని గూర్చి ప్రకటించిన వ్యాసమున దీనిని చక్కగా వివరించిరి. పసుపుకొమ్మును దంచి పొడి చేయవచ్చును. పొడిని మరల కొమ్ము చేయలేము. అట్లే పాస్‌వర్డ్‌ను ఒక గణితక్రియచేత నలిపి, ఆ పొడిని మాత్రమే దాచుదురు. మనము మరల వచ్చి పాస్‌వర్డ్ చెప్పినపుడు దానిని కూడ దంచి, పొడికి పొడి సరిపోయినచో తలుపు తీయుదురు. ఇద్దఱు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకొనినను పొడి ఒకేవిధముగా నుండకుండుటకై ఒక్కొక్కరి దానిలో వేఱు వేఱు చేర్పును కలుపుదురు. ఆ చేర్పునకు వారు ఉప్పు అనియే పేరు పెట్టిరి. కావున కార్యాలయపు గుమాస్తా వద్ద నున్నది పొడి. కొమ్మును చూపుమనిన నెక్కడనుండి తెచ్చును? మఱచినవానికి క్రొత్త పాస్‌వర్డ్ పెట్టుకొను వీలు కల్పింపగలరే గాని పాతదానిని చెప్పజాలరు. ఏ సంస్థయైన మీ పాత పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లు మెయిలులో పంపినచో సంతోషింపకుడు. వారు దంచక దాచుచున్నారని యర్థము. అట్టిచోట పెట్టిన పాస్‌వర్డ్‌ను మఱియెచ్చటను పెట్టరాదు.

ఇక పాస్‌వర్డ్ సరియైనను ప్రవేశము దొరకని సందర్భములు కొన్ని కలవు. వీనిలో పాఠశాలలవారికి ముఖ్యముగా తెలియవలసినది గడియారము. కంప్యూటరు లోపల, బల్ల మీది విద్యుత్తు లేనపుడు కూడ తేదీని కాపాడుటకై, రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ యుండును. వేసవి సెలవులు గడచి గది తెఱచునప్పటికి పాత కంప్యూటరులో అది చచ్చిపోయి, తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోయియుండవచ్చును. ప్రతి సురక్షితమైన సంస్థయు తన గుర్తింపుపత్రమును, ఇన్నాళ్ళనుండి ఇన్నాళ్ళవఱకు చెల్లునని వ్రాసియున్నదానిని, బ్రౌజరునకు చూపును. కంప్యూటరు లెక్కలో నేడు పదేండ్ల క్రిందటి దినమైనచో ఆ పత్రమింకను పుట్టనే లేదు! అందుచే సంబంధము సురక్షితము కాదను హెచ్చరిక వచ్చును. పాస్‌వర్డ్ ఎన్నిసారులు మార్చినను ఫలము లేదు; తేదీని సరిచేసి, బ్యాటరీని మార్చిన చాలును. తేదీ సరిగా నుండియు ఆ హెచ్చరిక వచ్చినచో మాత్రము దానిని దాటి ముందుకు పోరాదు.

అథెంటికేటరు అను ఆరంకెల సంఖ్యలను చూపు యంత్రాంగమును గడియారము మీదనే యాధారపడియున్నది. ఫోనును, అవతలి కంప్యూటరును ఒక రహస్యమును ముందే పంచుకొని, దానికి కాలమును జోడించి, 30 సెకనులకొక సంఖ్యను వేఱువేఱుగా లెక్క కట్టును. ఈ రీతి 2011లో ప్రమాణముగా ప్రకటింపబడెను. రెండు గడియారములు ఏకీభవించినపుడే రెండు సంఖ్యలు ఏకీభవించును. ఫోనులో కాలమును చేతితో దిద్దుకొనువారికి, ఆటలో ప్రాణములు త్వరగా వచ్చునని గడియారమును ముందుకు త్రిప్పు పిల్లలకు, సంఖ్య తప్పని వచ్చుట యిందువలననే. కాలము దానంతట సరిపడునట్లు అమర్చిన చాలును.

రైల్వే స్టేషను మొదలగు చోట్ల వైఫై తానే ముందొక ప్రవేశపత్రము నడుగును. దానిని నింపనిదే ఏ ఖాతాయు తెఱచుకొనదు. ప్రవేశించినట్లే తోచి మరల మొదటి పుటకే వచ్చుచున్నచో బ్రౌజరు దాచిన కుకీలను తుడిచివేసి చూడుడు. ఇంతకంటె దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

తలిదండ్రులు శ్రద్ధగా నాలకింపవలసిన దేమనగా, ఇప్పటి ఖాతాలకు నిజమైన తాళపుచెవి పాస్‌వర్డ్ కాదు, ఫోను నంబరు. మఱచినవారికి క్రొత్త పాస్‌వర్డ్ పెట్టుకొను ఓటీపీ దానికే పోవును. మన యూళ్ళలో నెట్ సెంటరున దరఖాస్తు పెట్టునపుడు, పిల్లవాని వద్ద ఫోను లేదని, అచ్చటివారు తమ నంబరునే వేసి పని ముగించుట కలదు. అది నాటికి ఉపకారమే. మఱుసటి యేట ఆ దుకాణము మూతపడినచో ఓటీపీ యెవరి నడుగవలెను? ఇంటిలోని నంబరే యైనను, రీచార్జి చేయక విడిచినది కొంతకాలమునకు రద్దగును. రద్దయిన పిదప కనీసము 90 దినములవఱకు ఇతరుల కీయరు, ఆ తరువాత ఈయవచ్చును. అప్పుడు మన ఓటీపీ ఊరు పేరు తెలియనివారికి పోవును. సిమ్ము మార్చదలచినవారు పాత నంబరు బ్రదికియుండగనే స్కాలర్‌షిప్, బ్యాంకు, డిజిలాకరు, మెయిలు ఖాతాలలో క్రొత్త నంబరును ఎక్కించుకొనవలెను. నెట్ సెంటరులో కుర్చీనుండి లేచుటకు ముందు, ఏ నంబరు, ఏ మెయిలు వేసితిరో అడిగి, పిల్లవాని నోటుపుస్తకములో కాక ఇంటి కాగితములలో వ్రాసి దాచవలెను.

ఓటీపీ ఆలస్యమైనపుడు మరల పంపుమను మీటను పదేపదే నొక్కరాదు. సామాన్యముగా క్రొత్తది పుట్టినంతనే పాతది చెల్లదు. మనము మొదటిదానిని చూచి వ్రాయుచుండగా మూడవది త్రోవలో నుండును. మెయిలులో వచ్చు లంకెయు నట్టిదే. కడపట వచ్చినదానినే తెఱువవలెను. అది కనబడనిచో స్పామ్ అను అరలో వెదకుడు. గూగుల్ ఖాతాను తిరిగి పొందగోరువారు ఇంతకుముందు వాడిన ఫోనునుండియే, అలవాటైన చోటునుండియే ప్రయత్నించుట మేలని ఆ సంస్థయే చెప్పుచున్నది. పట్నములోని బంధువుల కంప్యూటరునుండి యడిగినచో దాని సందేహము హెచ్చును. రెండేండ్లు తెఱువక విడిచిన ఖాతాను ఆ సంస్థ తొలగింపవచ్చును. ఈ పని 2023 డిసెంబరునుండి ఆరంభమైనది.

తొందరలో నున్నవానిని పట్టుకొనుటకు మోసగాండ్రు సిద్ధముగా నుందురు. వెదకినపుడు కనబడిన సహాయపు నంబరులన్నియు సంస్థలవి కావు. ఓటీపీ చెప్పుమని యడిగినవాడు, ఏ పేరు చెప్పినను, మన తలుపు తాను తీయదలచినవాడే. ధనము పోయినచో క్షణమాలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

రెండంచెల ప్రవేశము పెట్టుకొనినవారికి గూగుల్ ఎనిమిదేసి యంకెలుగల 10 బ్యాకప్ సంఖ్యలనిచ్చును. ఫోను పోయిననాడు ఇవియే దిక్కు. వానిని కాగితముపై వ్రాసి, ఇంటి పత్రములతోపాటు పెట్టెలో నుంచుడు. ఫోనులోనే దాచినచో ఫోనుతోపాటు పోవును. ఒక్కొక్కటి ఒక్కసారికే చెల్లును గనుక వాడినదానిని గీత కొట్టుడు. క్రొత్త పది తీసికొనినచో పాత కాగితమును చింపివేయవచ్చును, దానిలో మిగిలినవి యిక చెల్లవు.