ఉదారవాద క్రైస్తవం: గుర్తుంచుకోవాల్సిన తెలుగు పేరు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గ్రూప్స్‌కు చదివేవారు రామ్మోహన్ రాయ్‌ను ఎలాగూ కంఠతా పడతారు. 1820లో ఆయన అద్భుతాలను పక్కనపెట్టి, యేసు నీతిబోధలనే పుస్తకంగా అచ్చువేయించారు. ఉదారవాద క్రైస్తవ చింతనకు అది దగ్గరి చుట్టం.

ఆ చింతనకు ఆద్యుడు జర్మనీకి చెందిన ష్లయర్‌మాకర్. మతానికి మూలం సిద్ధాంతం కాదు, అనుభూతి అని 1799లోనే రాశాడు. 1900లో జర్మన్ వేదాంతి హార్నాక్ ఆ చింతనను జనంలోకి తెచ్చాడు. 1919లో స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ దానికి ఎదురుతిరిగాడు.

ఇక మనం గుర్తుంచుకోవాల్సిన తెలుగు పేరు పాండిపెద్ది చెంచయ్య. నెల్లూరులో పుట్టి, పుదుక్కోట్టై సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. క్రీస్తును నమ్మినవాడు హిందూ వారసత్వాన్ని వదులుకోనక్కర్లేదని గట్టిగా వాదించారు. 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ మహాసభకు ముందు, క్రైస్తవానికీ ఇతర మతాలకూ పొంతన లేదన్న డచ్ పండితుడు క్రేమర్‌కు జవాబుగా వెలువడిన మద్రాసు వ్యాససంపుటిలో ఆయనదే బలమైన గొంతు. ఎంతో ధైర్యమున్న ఆలోచన అది!