వంతు ముందే రాసుకో

పలివెల

చిరంజీవి అమ్మడికి,

నీకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలిందని మీ అమ్మ చెప్పింది. శివరాత్రికి ఇక్కడి కొప్పులింగేశ్వరుడి దర్శనానికి రాలేకపోయానని ఏడ్చావట. ఉద్యోగం మానేయాలేమో, ఇక దేనికీ పనికిరానేమో అన్నావట. దర్శనం సంగతీ ఉద్యోగం సంగతీ మాట్లాడుకుందాం. పనికిరానన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

మీ సాఫ్ట్‌వేర్‌లో ‘గ్రేస్‌ఫుల్ డిగ్రడేషన్’ అని ఒకటుందని నువ్వే నాకు చెప్పావు. నెట్ మందగిస్తే బొమ్మలు రాకపోయినా ఫరవాలేదు, అక్షరాలు రావాలి, టికెట్ బుక్కవ్వాలి. ఏది పోయినా ఏది నిలవాలో ముందే తేల్చి పెడతారు. నీ ఒంటికీ ఆ ఏర్పాటే కావాలి.

నేను ఇరిగేషన్‌లో చేసినన్నాళ్లూ చూసింది ఇదే. గోదావరిలో నీరు తగ్గిన ఏడు దాళ్వా పంటకి కాలువల నిండా నీళ్లివ్వడం కుదరదు. సీలేరు నుంచి వదిలిన నీళ్ల కోసం ఎదురుచూస్తూ వంతు పెడతాం. వంతు పెట్టకపోతే లాకుకి దగ్గరున్న చేలు తాగేస్తాయి, శివారు చేలు ఎండిపోతాయి. నీ ఇంట్లో జరుగుతున్నది అదే. పొద్దున్నే ఆఫీసు ఫోను, వంటిల్లు, వచ్చేపోయే చుట్టాలు నీ బలమంతా ముందే తోడేసుకుంటున్నారు. నీ నిద్ర, నీ పరీక్షలు, పిల్లాడితో గడిపే గంట శివారున పడ్డాయి. అడగడానికి గట్టి గొంతులేనివే ముందు ఎండుతాయమ్మా.

1977లో అమెరికా వాళ్లు పంపిన వాయేజర్ అంతరిక్ష నౌకలు ఇప్పటికీ కబురు పంపుతున్నాయంటే ఇలాంటి ఏర్పాటు వల్లే. వాటి కరెంటు ఏటికి సుమారు 4 వాట్లు తగ్గుతూ వస్తోంది. వాయేజర్ 1 కెమెరాలను 1990లోనే ఆపేశారు. తర్వాత హీటర్లు, ఒక్కొక్కటిగా పరికరాలు ఆపుతూ వచ్చారు. భూమితో మాట్లాడే రేడియోని మాత్రం ఆపలేదు. కెమెరా లేకపోయినా ఆ నౌక పనికిరానిదని ఎవరూ అనలేదు.

వేళ్లు తేలిగ్గా ఉన్న రోజున కాగితం తీసుకో. వాపులెక్కిన రోజున తేల్చుకోలేవు, ఆ రోజు బుర్ర కూడా నొప్పితోనే ఆలోచిస్తుంది. బాగున్న రోజు ఏం చేస్తావో, సగం బలమున్న రోజు ఏం వదిలేస్తావో, మంచం దిగలేని రోజున కూడా ఏం వదలవో రాయి. పిల్లాడికి కథ చెప్పడం ఆ మూడో వరసలో ఉండాలని నా మాట. పడుకునైనా చెప్పొచ్చు. పొద్దుట కీళ్లు బిగుసుకుపోతాయి గనక మీటింగులు పదకొండు తర్వాత పెట్టమని ఆఫీసులో ఇప్పుడే అడుగు. గుడికి సాయంత్రం వెళ్దాం, స్వామి ఎక్కడికీ పోడు.

మందుకి మాత్రం వంతు లేదు. నీకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. వారంలో ఏ రోజున వేసుకోవాలో మందు డబ్బా మీదే పెద్దక్షరాలతో రాసుకో. డాక్టరు చెప్పిన ఫోలిక్ యాసిడ్, లివర్ రక్తపరీక్షలు మానొద్దు. నొప్పి మాత్ర నొప్పినే ఆపుతుంది, కీలు అరగడాన్ని ఆపదు. అరిగిన కీలు మళ్లీ మొలవదు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే డాక్టరుతో ముందే చెప్పు, మెథోట్రెక్సేట్ గర్భానికి పనికిరాదు.

ఇంకొకటి. నీళ్లొచ్చాక కూడా తూము మూసి ఉంచకూడదు. వాపు దిగిన వెంటనే నడక, పని మళ్లీ ఎత్తుకో. తగ్గించుకోవడం అలవాటై అక్కడే కూర్చుండిపోతావేమోనని నాకు భయం.

వంతు పెట్టేటప్పుడు రైతుకి ముందే చెబుతాం, దాన్ని బట్టి నారు పోసుకుంటాడు. నువ్వూ ఆ కాగితం మీ ఆయనకీ అత్తగారికీ చదివి వినిపించు. వాళ్లకి నచ్చజెప్పలేకపోతే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య