సూర్యునితో పందెం

సాయంసమయాన పడమటి దిక్కున ప్రొద్దు క్రుంకుతూ ఉంటే, ఆ దృశ్యం మరికొంతసేపు నిలిస్తే బాగుండునని కోరుకోనివారు అరుదు. చేతిలోని పని ముగియకముందే చీకటిపడితే రైతు కూడా అలాగే అనుకుంటాడు. ఈ కోరికను గణితశాస్త్రం అసాధ్యమని త్రోసిపుచ్చదు. తగినంత వేగంతో పడమరకు ప్రయాణించేవానికి సూర్యుడు అస్తమించడని చెబుతుంది. మరి ఆ వేగం ఎంత?

ప్రొద్దు పొడిచిందనీ, ప్రొద్దు క్రుంకిందనీ అనడం లోకంలో వాడుక. నిజానికి తిరుగుతున్నది భూమి. క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లో ఆర్యభటుడు ఈ విషయాన్ని పడవ ఉపమానంతో వివరించాడు. పడవలో ముందుకు సాగేవానికి ఒడ్డున ఉన్నవన్నీ వెనుకకు పోతున్నట్లు తోస్తుంది. అదే విధంగా తూర్పునకు తిరిగే భూమిపై ఉన్నవారికి ఆకాశంలోని జ్యోతులు పడమరకు పోతున్నట్లు కనిపిస్తాయి. కాబట్టి సూర్యుని ఒకేచోట నిలపదలచినవాడు, భూమి ఎంత వేగంతో తూర్పునకు తిరుగుతున్నదో అంత వేగంతో పడమరకు సాగాలి.

భూమధ్యరేఖ వద్ద భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. దానిని 24 గంటలతో భాగిస్తే గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు వస్తుంది. అయితే ఈ వేగం అన్నిచోట్లా ఒకటి కాదు. తిరుగలి తిప్పుతున్నప్పుడు రాతి అంచు వేగంగా పరుగెత్తుతుంది. నడుమనున్న ఇరుసు దగ్గరి భాగం మెల్లగా కదులుతుంది. రెండూ ఒక చుట్టును ఒకే కాలంలో పూర్తిచేస్తాయి. భూమి విషయమూ అంతే. హైదరాబాదు వద్ద ఈ వేగం గంటకు సుమారు 1,590 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశానికి చేరువలో ఉన్న ఓస్లో, హెల్సింకీ నగరాల వద్ద అది సగానికి తగ్గి 835 కిలోమీటర్లవుతుంది. సాధారణ ప్రయాణికుల విమానమే అక్కడ సూర్యునితో సమంగా సాగగలదు. ఇక ధ్రువానికి 19 కిలోమీటర్ల దూరంలో చుట్టూ తిరిగేవానికి గంటకు 5 కిలోమీటర్ల నడక చాలు!

మానవుడు సూర్యుని మించిన సందర్భాలూ ఉన్నాయి. 1976 నుండి 2003 వరకు ప్రయాణికులను చేరవేసిన కాన్‌కార్డ్ విమానం ధ్వనికి రెండు రెట్ల వేగంతో ఎగిరేది. లండన్ నుండి న్యూయార్క్‌కు దాదాపు మూడున్నర గంటలలో చేరేది. ఆ రెండు నగరాల గడియారాలకు అయిదు గంటల తేడా ఉండటం వల్ల, ఉదయం పదిన్నరకు లండన్‌లో బయలుదేరినవారు అదే ఉదయం తొమ్మిదిన్నరకు ముందే న్యూయార్క్‌లో దిగేవారు. శీతకాలపు సాయంకాలం ప్రొద్దు క్రుంకిన తరువాత బయలుదేరినవారికి పడమటి ఆకాశంలో సూర్యుడు తిరిగి ఉదయించేవాడు.

అయితే కాలం నిజంగా వెనుకకు మళ్ళిందా? భూమధ్యరేఖపై మిట్టమధ్యాహ్నం బయలుదేరి, సూర్యునితో సమవేగంతో పడమరకు సాగే ఒక ప్రయాణికుని ఊహించుకోవచ్చు. దారి పొడవునా అతనికి మధ్యాహ్నమే. సూర్యుడు నడినెత్తి నుండి కదలడు. కాని 24 గంటల తరువాత బయలుదేరిన చోటికి చేరేసరికి అక్కడివారు ఒక రాత్రి నిద్రించి లేచి ఉంటారు. అతనికీ ఒక రోజు వయసు పెరిగి ఉంటుంది. దారిలో అంతర్జాతీయ దినరేఖను దాటినప్పుడే అతడు తేదీని మార్చుకోవలసి వచ్చింది. నిలిచినది సూర్యుడే గాని కాలం కాదు.

మరి ఈ వేగం వల్ల ప్రయోజనమేమి? 1973 జూన్ 30న ఆఫ్రికాపై సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. నేలపై ఏ ఒక్కచోట నిలబడి చూసినా సంపూర్ణ గ్రహణం ఏడు నిమిషాలకు కొద్ది సెకన్లు మించి కనబడలేదు. పియెర్ లెనా మొదలైన శాస్త్రవేత్తలతో ఆంద్రే టర్కా నడిపిన కాన్‌కార్డ్ విమానం కానరీ దీవుల నుండి ఎగిరి, తూర్పుదిశగా పరుగెత్తే చంద్రుని నీడలో 74 నిమిషాలపాటు సాగింది. వారు కాలాన్ని ఆపలేదు. దొరికిన ప్రతి నిమిషాన్నీ సూర్యుని కాంతివలయ పరిశీలనకు వినియోగించారు.

ప్రొద్దును కొంతసేపు నిలపడానికి యంత్రం చాలు. ఆ నిలిచిన వెలుగులో ఏమి చేయాలో నిర్ణయించుకోవలసినది మాత్రం మనిషే.

ప్రశ్నలు

1. భూభ్రమణ వేగం అన్నిచోట్లా ఒకేవిధంగా ఉండకపోవడానికి కారణమేమి?
2. “నిలిచినది సూర్యుడే గాని కాలం కాదు” – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
3. 1973 నాటి విమానయానం వల్ల శాస్త్రవేత్తలు పొందిన ప్రయోజనాన్ని తెలపండి.